ఏకాండి విల్లు

కిందటి నెల ఈ పేజీలో మాటవరసకి నా విల్లు సంగతి ఎత్తాను. ఎత్తి తప్పు చేశాను. ఆనాటినుంచి వుత్తరాలే వుత్తరాలు. "అయ్యా, తమకు విలువిద్యలో ప్రవేశం వున్నదని తెలిసి సంతోషించాం. ముక్కలుగా విడదీసేది కాక, పాతకాలపు పద్ధతిలో ఏకాండిగా వుండే ఒంపు విల్లు ఒకటి కొనదలిచాం. వాటిలో శ్రేష్ఠమైనదేదో సెలవియ్యగలరు" అని ఒక పాఠక మహాశయుడు.

ఆయన వుత్తరం నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా అందింది. మాది పానగల్. నల్లగొండ పక్కన ఇంకో పానగల్ వుంది: పచ్చల సోమేశ్వరుడూ, ఛాయా సోమేశ్వరుడూ కొలువున్న వూరు. దేవుళ్ళిద్దరూ అక్కడ వున్నారు కనక మా వుత్తరాలు కూడా ముందు అక్కడికి వెళ్ళి, దర్శనం చేసుకుని, తాపీగా ఇటు వస్తాయి. మాది కోట వున్న పానగల్. 2016 దాకా మహబూబునగరం జిల్లా, ఆ తర్వాత వనపర్తి జిల్లా.

సరే, జవాబు. అందరికీ శ్రేష్ఠమైన విల్లంటూ లేదు. నాకిష్టమైన విల్లు మాత్రం వుంది. దాన్ని కనుక్కునేసరికి తొమ్మిదేళ్ళూ, ఒక కుడి భుజమూ ఖర్చయ్యాయి.

మొదటి విల్లు కొన్నప్పుడు నాకు యాభై యేళ్ళు. బళ్ళో లెక్కలు చెప్పేవాణ్ణి. వయసు యాభై, విల్లు బలం యాభై పౌన్లు. జాతకాలు కుదిరాయనుకున్నాను. పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. మా ఆవిడ కర్టెన్ల కడ్డీలేమో అనుకుని సంతోషంగా విప్పింది. లోపలిది చూసి, "కట్టెకు గిన్ని పైసలు పోస్తరా ఎవరన్న?" అంది.

కట్టె అనడం అన్యాయం. పల్చటి మేపుల్ చెక్క పొరలు, వాటికి ముందూ వెనకా ఫైబర్‌గ్లాసు పలకలు, నడుమ నల్లటి పిడి. ఎక్కడా మర లేదు, అతుకు కనపడదు. నారి విప్పి చూస్తే కొసలు రెండూ మనకి ఎదురుతిరిగి, అలిగిన పెళ్ళికొడుకులాగా అటు మొహం పెట్టుకుని వుంటాయి. ఆ ఒంపులోనే వుంది కీలకం. నారి కొంచెం లాగేసరికే అది బలం పుంజుకుంటుంది. అందుకే పొట్టి విల్లయినా పొడుగు విల్లు చేసే పని చేస్తుంది. దాన్ని గోడకు తగిలించి చూసుకుంటే సాక్షాత్తు అర్జునుడి ఇంట్లో వున్నట్టు వుండేది. లాగితే మాత్రం అర్జునుడు కాదు కదా, ఉత్తర కుమారుడు కూడా గుర్తుకు రాలేదు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గజగజ వణకడం, బాణం గడ్డిమోపుకి అటో ఇటో పోవడం. మూడో నెలకి కుడిచెయ్యి చొక్కా తొడుక్కోవడానిక్కూడా పైకి లేవనంది. "ఏం బరువెత్తారు?" అన్నాడు డాక్టరు. "రాముడెత్తిందే" అన్నాను. మందు రాసిచ్చాడు కాని నవ్వలేదు.

రాముడంటే గుర్తొచ్చింది. విల్లు ఎక్కుపెట్టడమంటే బాణం గురిచూడడమని చాలామంది అనుకుంటారు. అసలు అర్థం నారి ఎక్కించడం. సీతమ్మ పెళ్ళికి పెట్టిన పరీక్ష అదే. ఎక్కించి లాగేసరికి శివుడి విల్లు నడిమికి విరిగింది. ఏకాండి విల్లుతో వచ్చిన చిక్కే అది. విరిగిందంటే విరిగిందే, మార్చడానికి ముక్కలుండవు. జనకుడికి అల్లుడు దొరికాడు కనక ఆయన బాధపడలేదు. మనం బాధపడతాం.

నా బాధ ఎలా వున్నా, మా వూరికి విళ్ళతో పాత సంబంధం వుంది. ఫిరోజ్ షా బహమనీ 1417 ప్రాంతంలో పానగల్ కోటను ముట్టడించి, రెండేళ్ళు కూచుని, చివరికి మొదటి దేవరాయల చేతిలో ఓడి వెళ్ళాడు. అది ఏ పానగల్ అన్నదానిమీద చరిత్రకారుల్లో రెండు మాటలున్నాయి. నల్లగొండ దగ్గరిదని కొందరు, మా కోటేనని కొందరు. మా వూళ్ళో మాత్రం ఒకటే మాట. నాకు ముఖ్యమైంది ఆ తరువాతి సంగతి. 1424 నుంచి 1446 దాకా రాజ్యం చేసిన రెండో దేవరాయలు, 'మన సేన పెద్దదే, రాజ్యం పెద్దదే, బహమనీల చేతిలో మాటిమాటికీ ఎందుకు దెబ్బ తింటున్నాం?' అని కొలువులో అడిగాడట. వాళ్ళ గుర్రాలు మేలైనవి, వాళ్ళ విలుకాండ్రు మేలైనవాళ్ళు అని జవాబు వచ్చిందట. ఇది ఫెరిష్తా రాసిన కథ. అప్పుడు రాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకుని, జాగీర్లిచ్చి, మసీదు కట్టించి, తన సైనికులకు ఆ విద్య నేర్పించాడు. రెండువేల మంది ముస్లింలు, విద్య నేర్చిన హిందువులు అరవైవేల మంది అని లెక్క వేశాడు ఫెరిష్తా. ఒక సున్నా అటూ ఇటూ అయినా ఒక్కటి మాత్రం చూడండి. రాయలు విళ్ళు కొని వూరుకోలేదు, చేతులు తయారుచేయించాడు. నేను విల్లు మాత్రమే కొన్నాను.

ఆ రోజుల్లో గుర్రం మీంచి వేసే విల్లు ఈ ఒంపు విల్లుకి తాత. నడుమ కర్ర, లోపలివైపు కొమ్ము పలక, బయటివైపు జంతువుల నరాలు, అన్నిటినీ పట్టివుంచడానికి జిగురు. లాగినప్పుడు లోపలివైపు నొక్కుకుంటుంది, దాన్ని కొమ్ము ఓర్చుకుంటుంది. బయటివైపు సాగుతుంది, దాన్ని నరం ఓర్చుకుంటుంది. మనకి ఇది కొత్తేం కాదు. విష్ణుమూర్తి విల్లు పేరు శార్ఙ్గం. అంటే కొమ్ముతో చేసిందనే. ఈ విల్లుకి వాన పడదు, తేమకి జిగురు మెత్తబడుతుంది. మొగలాయీల కాలంలో మన దేశంలో వుక్కు విళ్ళు కూడా చేశారంటే ఆ బాధ వల్లనే. తరవాత తరవాత అమెరికాలో ఫ్రెడ్ బేర్ అనే ఆయన మిచిగన్‌లో కార్ఖానా పెట్టి, కొమ్ము పనీ నరం పనీ ఫైబర్‌గ్లాసు చేత చేయించి, 1950 ప్రాంతాల్లో ఈ ఏకాండి ఒంపు విళ్ళను వేలకొద్దీ జనంలోకి తెచ్చాడు. దానికి వాన భయం అంతగా లేదు కాని ఎండ భయం వుంది. మన పాలమూరు మే నెలలో తలుపులు మూసిన కారులో ఒక పూట వదిలేశారా, జిగురు విడి పొరలు వూడివస్తాయి.

ఇక నా కళ్ళు తెరిపించిన మనిషి సంగతి. నా పాత శిష్యుడొకడు మన్ననూరులో వుద్యోగం చేస్తూ రమ్మని పిలిస్తే, అచ్చంపేట మీదుగా వెళ్ళాను. పోతూపోతూ విల్లు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఎందుకంటారా? గొప్ప చూపించుకోవడానికి. ఎవరి దగ్గర? చెంచుల దగ్గర! తిరుపతిలో లడ్డూ అమ్మబోయినట్టు.

హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆ కొండలమీద వాళ్ళతో వుండి 1943లో అచ్చువేసిన పుస్తకంలో విల్లు లేని చెంచు మగవాడు కనిపించడం కష్టం. 1972 చట్టం వచ్చాక వేట నేరమయింది, అడవి పెద్దపులుల అభయారణ్యమయింది. అయినా విల్లు వాళ్ళ ఇళ్ళనుంచి పూర్తిగా పోలేదు. నేను వెళ్ళిన ఇంట్లో చూరు కింద ఒక వెదురు విల్లు వుంది. ఆ ఇంటి ముసలాయన నా విల్లు రెండు చేతులా అందుకున్నాడు. వేలితో పొరలు తడిమాడు. నేలమీద నిలబెట్టి తన రొమ్ముకి ఆనించి ఎత్తు చూసుకున్నాడు. నారి జానెడు లాగి, మళ్ళీ అంత మెల్లిగానూ దింపాడు. బాణం లేకుండా నారి వదిలేస్తే ఆ దెబ్బంతా విల్లే తింటుంది. ఆ సంగతి నాకు విల్లుతో వచ్చిన కాగితం చదివాక తెలిసింది. ఆయన ఏ కాగితమూ చదవలేదు.

"ఇది ఎవరికి చేసిన విల్లు సారూ?" అన్నాడు.

"నాదే" అన్నాను.

"నీదే గని, ఎవరికి చేసిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. చూరు కిందనున్న విల్లు ఆయన తన చేతికి తానే చేసుకున్నది. నాది ఎవరో చేసి, ఎక్కడో పెట్టె కట్టి, డబ్బిచ్చినవాడికి పంపింది.

ఇంటికి వచ్చి టేపు తీశాను. రెండు చేతులూ చాచి గోడకి నిలబడితే నా బార అరవై అయిదు అంగుళాలు. దాన్ని రెండున్నరతో భాగించండి. ఇరవై ఆరు. ఇంచుమించుగా నేను నారి లాగగలిగే దూరం అది. వింటిమీద రాసి వుండే పౌన్లు ఇరవై ఎనిమిది అంగుళాలు లాగేవాడి లెక్క. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌన్లు తేడా పడుతుంది. అంటే నా యాభై పౌన్ల గర్వం నా చేతిలో నిజానికి నలభై అయిదే. ఆ నలభై అయిదు కూడా నా భుజం మొయ్యలేదు. లెక్కల పంతులికి ఈ లెక్క తొమ్మిదేళ్ళ తర్వాత తట్టింది.

అప్పుడు కొన్నాను రెండోది. ముప్పై అయిదు పౌన్లు, నిలువు అరవై అంగుళాలు, ఒకరు వాడి అమ్మింది. పిడి సన్నం, నా చిన్న చేతికి సరిగ్గా ఇమిడింది. పైకొస దగ్గర చిన్న గీత వుంది. బేరంలో ఆ గీత నాకు మేలే చేసింది. వూళ్ళో కుర్రాళ్ళు "గిదేంది సారూ, పిలగాండ్ల విల్లా?" అని నవ్వారు. నవ్వనీండి. ఇరవై గజాల్లో వున్న గడ్డిమోపుకి అంతకంటే బలమెందుకు? నిండా లాగి పది లెక్కపెట్టేదాకా చెయ్యి వణక్కుండా నిలిస్తే అది మీ విల్లు. ఏడు దగ్గర వణికితే పక్కవాడిది. పాఠక మహాశయుడు కోరిన సలహా ఇంతే: ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, ఒక నెల వేసి చూసి, అప్పుడు కొనండి. పొడుగు మనిషైతే పొట్టి విల్లు జోలికి పోకండి, నారి కోణం ఇరుకై వేళ్ళు నొక్కేస్తుంది. ఏకాండి విల్లు తేలిక, చప్పుడు తక్కువ, బిగించడానికి మరలేమీ లేవు. కాని దాని బలం పుట్టినప్పుడు ఎంతో చివరిదాకా అంతే. మీకు వయసొస్తుంది, దానికి రాదు.

నాకిష్టమైన విల్లు కథ అయిపోయింది. నాకు కష్టమైన విల్లు కథ ఇప్పుడు చెప్పాలి.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రవాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జంటగా ఆడి నాలుగో స్థానం దాకా వెళ్ళారు. పతకం చేతిదాకా వచ్చి జారింది. టీవీలో ఆ ఆట చూసిన మా మనవరాలు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి, "తాతా, నాక్కూడా" అంది. నా విల్లు చేతికిచ్చాను. ఏడాది వేసింది. ఏడాదిలో దాని బార యాభై ఎనిమిదినుంచి అరవై ఒకటికి పెరిగింది. "మీ పిల్లకి చెయ్యి వుంది సార్. మూడు ముక్కల విల్లు కొనివ్వండి. పెరిగేకొద్దీ రెక్కలు మార్చుకోవచ్చు. ఆ పోటీల్లో డెబ్బై మీటర్ల దూరం, ఇది అక్కడికి పనికిరాదు" అన్నాడు వ్యాయామం మాస్టారు.

ఏకాండి విల్లు గురించి వూరంతా ప్రవచనాలు చెప్పినవాణ్ణి నేను! రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడదామన్నా పింఛనులో అంత మిగలదు. మూడోరోజు మా ఆవిడ గోడవైపు చూసి, "అది మూడేండ్ల సంది మేకుకే వేలాడుతుంది. అమ్మరాదుండ్రి" అంది.

యాభై పౌన్లది. ఒక్క బాణమూ సరిగ్గా వెయ్యకపోయినా, ఇంటికి వచ్చినవాళ్ళంతా మొదట దాన్నే చూసేవాళ్ళు. "మీరు లాగుతారా సారూ?" అని అడిగితే నేను అవుననీ కాదనీ అనేవాణ్ణి కాదు. వారం రోజులు దాని దుమ్ము తుడుస్తూ గడిపాను.

వనపర్తినుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కాలేజీలో ఆటలు నేర్పిస్తాడు. డబ్బు సంగతి ఎత్తకముందే, "చేతులు చాచి నిలబడు నాయనా" అన్నాను. టేపుకి ఒక కొస మనవరాలు, ఒక కొస నేను. డెబ్బై రెండు అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే ఇరవై ఎనిమిదీ ముప్పాతిక. విల్లు అందుకుని, పిడి పట్టి, నిండా లాగాడు. నా చేతిలో తొమ్మిదేళ్ళు వణికిన ఆ విల్లు అతని చెంప దగ్గర బొమ్మలాగా నిలబడిపోయింది. మనవరాలు బిగ్గరగా పది లెక్కపెట్టింది. నేను చెప్పకుండానే అతను నారి మెల్లిగా దింపాడు.

మూడు ముక్కల విల్లు వచ్చే వారం వస్తుందట. గోడమీది మేకుకి మా ఆవిడ చేట తగిలించింది.