సగటు చాలదు, బడివారీ లెక్క కావాలి

మన దేశంలో పంతుళ్ల కంటే పంతులమ్మలే ఇప్పుడు ఎక్కువ. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల్లో ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారి కోటి దాటింది. అందులో మహిళలు 54 శాతం. 1950-51లో ప్రాథమిక బడుల్లో వాళ్లు నూటికి పదిహేను మందే. ఈ మార్పు దానంతటదే రాలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు 1958 నుంచి కండెన్స్‌డ్ కోర్సులు పెట్టి, టీచర్లుగా, నర్సులుగా కుదురుకునే దారి వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల్లో మహిళలకిచ్చిన 30 శాతం వాటా చెల్లుతుందని 1995లో పి.బి. విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత అది మూడో వంతుకు పెరిగింది. బిహార్ అయితే 2006లో పంచాయతీ టీచర్ల నియామకాల్లో ఏకంగా సగం ఇచ్చేసింది. ఇంత ప్రయత్నం ఫలించినందుకు సంతోషించవలసిందే. అయినా, ఏ పిల్లా దేశపు సగటు దగ్గర చదువుకోదు. తన ఊరి బడిలో పంతులమ్మ ఉందా లేదా అన్నదే ఆ పిల్లకు లెక్క, దానికి ఈ 54 శాతంలో జవాబు దొరకదు.

సగటు చాలా దాస్తుంది. కేరళ, తమిళనాడు, ఢిల్లీల్లో మూడింట రెండొంతులకు పైగా మహిళలుంటే రాజస్థాన్, బిహార్, ఝార్ఖండ్‌లలో సగానికి లోపే. పట్టణాల్లో చాలీచాలని జీతమిచ్చే ప్రైవేటు స్కూళ్ల టీచర్లూ ఈ మొత్తంలోనే కలిశారు. వాళ్ల సంఖ్యను సాధికారత ఖాతాలో జమ వేసుకోవడం కొంచెం మోటు హాస్యమే. అన్నిటికంటే పెద్ద మరుగు ఏకోపాధ్యాయ పాఠశాల. అవే 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఇవి లక్షకు పైగా ఉన్నాయి, వాటిలో 33 లక్షల మందికి పైగా పిల్లలు. ఇలాంటి బడులు అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,900కు పైగా. 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 2022 నాటి విధానం వీటిని ఇంకా పెంచింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ఈ సంగతిని సరిగ్గానే పట్టుకుంది: ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైనంత వరకు ఒకరు మహిళ. 2009 విద్యాహక్కు చట్టం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు అన్న భాగాన్ని షెడ్యూలులో రాసుకుంది, ఒకరు మహిళ అన్నదాన్ని వదిలేసింది. నియామకాల్లో వాటా మిగిలింది, బడిలో వాటా పోయింది.

పంతులమ్మ ఉంటే ఏమొస్తుందని అడిగేవారికి మన దగ్గరి ఆధారమే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఐదేళ్లపాటు సేకరించిన పరీక్ష ఫలితాలను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేఠ్ పరిశీలించారు. తరగతులు పెరిగేకొద్దీ ఆడపిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మగపిల్లల కంటే కొద్దికొద్దిగా వెనకబడుతున్నారు. పంతులమ్మ చెప్పిన ఏడాది ఆ వెనకబాటు తగ్గుతోంది, మగపిల్లలకు నష్టమూ లేదు. హాజరులో మాత్రం తేడా రాలేదు. పంతులమ్మ ఉంటే తల్లిదండ్రులు ఆడపిల్లను బడికి పంపుతారన్న పాత వాదం కంటే ఇది ఆలోచించదగ్గ ఫలితం. లాభం బడికి రావడంలో కాక, వచ్చాక తరగతి గదిలో జరిగే చదువులో ఉందన్నమాట. ఏడాదికి వచ్చే తేడా చిన్నదే, దాన్ని పెద్దది చేసి చెప్పనక్కర్లేదు. కానీ దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు.

ఇదే అధ్యయనం చూపి ఎదురు ప్రశ్న వేయవచ్చు. టీచర్లు తమ జెండర్ పిల్లలకే ఎక్కువ బాగా చెబుతున్నారని కూడా అందులో తేలింది కదా, అందరూ మహిళలైతే మగపిల్లల గతేమిటి? నిజమైన ప్రశ్నే. అయితే దీనికి జవాబు మహిళల వాటాకు కోత పెట్టడం కాదు, బడికి ఇద్దరిని ఇవ్వడం. ఒక్కరే ఉన్నచోట ఎవరిని వేసినా సగం మంది పిల్లలకు తమ జెండర్ టీచరు చెప్పే లాభం అందదు. అందుకే ఏకోపాధ్యాయ సమస్యను సిబ్బంది కొరతగా మాత్రమే చూడటం తప్పు. వాటా వల్ల ప్రతిభకు అన్యాయమనే మాటకు మాత్రం ఎక్కువ చోటివ్వనక్కర్లేదు. టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో ఎవరైనా అదే పరీక్ష రాస్తారు, అదే అర్హత పరీక్ష టెట్ పాసవుతారు.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. పంతులమ్మలు మారుమూలకు రారు, బదిలీల కౌన్సెలింగ్‌లో బస్సు రూట్ మీది ఊరే కోరుకుంటారు అంటారు. కోరుకుంటే తప్పేముంది? దారి సరిగా లేని నాలుగో కేటగిరీ ఊరికి అదనపు పాయింట్లు ఇస్తున్నాం. ఆ పాయింట్లు రేపటి బదిలీకి పనికొస్తాయి, ఇవాళ్టి సాయంత్రం ఇల్లు చేరడానికి పనికిరావు. ఉండటానికి క్వార్టర్, బడిలో నీళ్లొచ్చే మరుగుదొడ్డి, పక్క బడిలో మరో టీచరమ్మ తోడు ఉంటే ఎంతమంది వస్తారో చూశాక ఆ మాట అనవచ్చు. ఒంటరిగా అడవి దారిలో నడవమని చెప్పి, రాకపోతే స్త్రీలింగంలో నింద వేయడం న్యాయం కాదు. ఏజెన్సీలో స్థానిక గిరిజన యువతులకు డీఎడ్ చదువు దగ్గరకు తెస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయవలసిన మొదటి పని ఖర్చులేనిది. ఏ ప్రాథమిక బడిలో ఎంతమంది మహిళా టీచర్లున్నారో మండలాలవారీగా పేరు పేరునా ప్రకటించాలి. తర్వాతి బదిలీల్లో ఒక్క మహిళా లేని బడులను ముందు వరుసలో పెట్టి, రెండో పోస్టు అక్కడ ఇవ్వాలి.