జీరో బడ్జెట్ అన్నాం, లెక్క రాయడం మానేశాం

పోయిన వీడియోలో నా ఫోన్‌లోని ఖర్చుల షీట్ చూసి చాలామంది ఫోన్ చేశారు, "ఏ యాప్ అన్నా అది?" అని. యాప్ పేరు కన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వీడియోలో కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా నాన్న చిట్టా రాసేవాడు. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం. మందుల సేద్యంలో ఖర్చంతా కొట్టు నుంచే వచ్చేది కాబట్టి రాయడం తేలిక, బిల్లు చూసి ఎక్కించుకోవడమే. నేను ప్రకృతి సేద్యంలోకి వచ్చాక ఆ పుస్తకం అటకెక్కింది. 2016లో మన రాష్ట్రంలో మొదలైనప్పుడు కార్యక్రమం పేరే జీరో బడ్జెట్. తర్వాత ఏపీసీఎన్ఎఫ్ అయింది గానీ, మొదటి పేరు మన బుర్రల్లో ఉండిపోయింది. ఆవు మనదే, పేడ మనదే, వేపాకు చేనిగట్టు మీదే, ఇంక రాసేదేముంది అనుకున్నాం. ఎవరికి కోపం వచ్చినా సరే, లెక్కల విషయంలో ఆ పేరు మనల్ని చెడగొట్టింది.

నన్ను ఫోన్ వైపు తిప్పింది ఒక వడ్డీ గొడవ. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశా. యజమాని సంతకం పెట్టలేదు, సీసీఆర్సీ కార్డు రాలేదు, కార్డు లేదు గనక బ్యాంకులో పంట రుణం లేదు. సకాలంలో కడితే నాలుగు శాతం వడ్డీ పడే రుణం అది. దాని బదులు, కాయ తమకే తోలాలనే షరతు మీద ఒక కొట్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చా. ఏడాదికి ఇరవైనాలుగు శాతం అన్నమాట. జులైలో అరవై వేలు, అక్టోబరులో నలభై వేలు ఇచ్చారు. మార్చిలో టిక్కీలు తోలి చీటీ చూసుకుంటే మొత్తం లక్షకీ జులై నుంచే వడ్డీ కట్టారు. నలభై వేలకు మూడు నెలలు, 2,400 రూపాయలు. నేను రాసుకున్న కాగితం ఎక్కడో పోయింది. కానీ రెండు దఫాలూ ఫోన్‌పేలోనే పడ్డాయి. తేదీ, టైముతో సహా చూపించా. గుమాస్తా మారుమాట లేకుండా కొట్టేశాడు.

దాంతో గురి కుదిరి ఇంకో తప్పు చేశా. ఫోన్‌పే హిస్టరీయే లెక్క అనుకున్నా. అందులో "మేస్త్రీకి 9,000" అని ఉంటుంది. ఎంతమంది వచ్చారు, ఏ చేలో, కలుపా కోతా? ఏమీ తెలీదు. ఊళ్లో కూలీలకు ఇచ్చే నగదైతే అసలు కనపడదు. ఖర్చుల యాప్‌లూ చూశా. సినిమా, హోటల్, షాపింగ్ అని గడులున్నాయి గానీ కోత కూలికి గడి లేదు. పైగా మన మెసేజ్‌లు, కాంటాక్టులు చూడనివ్వమంటాయి. అలా అడిగినదాన్ని నేను ఫోన్‌లో ఉంచను.

చివరికి గూగుల్ షీట్స్‌లో నేనే గీసుకున్నా. తేదీ, చేను, పని, ఎంతమంది, ఎంత డబ్బు, నగదా ఫోనా. వీడియోలో చూపించింది అదే. చేలో మాత్రం ఇప్పటికీ కాగితమే, చెమట చేతుల్తో టైపు ఎవడు కొడతాడు? ఆదివారం రాత్రి మావాడు ఎక్కిస్తాడు.

ఓ ఆదివారం మావాడు జీవామృతం ఖర్చు చదువుతుంటే మా ఆవిడ ఆపింది. ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ముకు 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, అంతే రాసి ఉంది. "రోజూ రెండు పూటలా కలిపింది ఎవరు? వడకట్టింది, మోసింది ఎవరు? బయటి మనిషైతే కూలి రాసేవాళ్లుగా" అంది. ఆ రాత్రే "ఇంటి పని" అని ఇంకో గడి పెట్టాం. ఊళ్లో కూలి రేటే మాకూ వేసుకున్నాం.

2024–25 సీజను లెక్క ఇది. మిర్చి ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన ఏడాది. నల్ల తామరకు జిగురు అట్టలు, కషాయాలు అంటూ తిరిగిన రోజులన్నీ ఇంటి పని గడిలో చేరాయి. కౌలు, వడ్డీ, మా కూలి తీసేస్తే ఆ రెండెకరాల్లో చేతికి ఏమీ మిగల్లేదు. మందుల ఖర్చు లేదుగా, బాగానే ఉందిలే అని అంతకు ముందంతా అనుకున్నది ఈ చేను గురించే. సొంత చేలో పత్తి, మధ్యలో కంది వేశాం. అక్కడ మా కూలి పోను కూడా డబ్బు మిగిలింది. సేద్యం ఒక్కటే, రెండు చోట్లా అవే కషాయాలు. తేడా కౌలు దగ్గర, వడ్డీ దగ్గర వచ్చింది.

ఉగాదికి కౌలు మాట్లాడుకోవడానికి వెళ్లినప్పుడు ఫోన్ తీసి యజమానికి షీట్ చూపించా. కౌలు తగ్గించండి, లేదంటే కార్డుకు సంతకం పెట్టండి, బ్యాంకులో తెచ్చుకుంటా అన్నా. ఆయన అటూ ఇటూ జరిపి చూసి, "ఇందులో మీ ఆవిడ కూలి కూడా రాశావేంటయ్యా?" అన్నాడు. రాశానండీ అన్నా. ఆలోచించి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.