కీమో తర్వాత పదో రోజు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లలో క్యాన్సర్ అని తేలగానే మూడు ఊళ్ల పేర్లు వినిపిస్తాయి: తిరుపతి, వేలూరు, బెంగళూరు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. వేలూరులో సీఎంసీ, బెంగళూరులో కిద్వాయ్. వైద్యం ఖర్చును రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ భరించినా, తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకున్న కూలి డబ్బులు ఎవరూ ఇవ్వరు.

మొదటి కీమో అనగానే భయమంతా ఆ ఒక్క రోజు మీదే ఉంటుంది. నిజానికి ఆ రోజు చాలామందికి ప్రశాంతంగానే గడుస్తుంది. ముందు రక్తపరీక్షలు చేసి కణాల లెక్క, కిడ్నీ, లివర్ పనితీరు చూస్తారు. ఎత్తు, బరువు కొలిచి మందు మోతాదు కడతారు. చేతి నరానికి సూది పెట్టి మొదట వాంతులకు, ఎలర్జీకి మందులు ఎక్కిస్తారు. వాటితో నిద్ర ముంచుకొస్తుంది. ఆ తర్వాతే అసలు మందు. గంటలో అయిపోయేవి ఉన్నాయి, పూట పట్టేవీ ఉన్నాయి. సూది దగ్గర మంట పుట్టినా, ఛాతీ పట్టేసినట్టున్నా, ఊపిరాడకపోయినా ఓర్చుకోకూడదు. నర్సును పిలవాలి, వెంటనే. ఓర్పు గొప్ప గుణమని పెరిగిన మన ఆడవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు ఎక్కించుకున్నవారికి ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు. ఈ ఒక్క సంగతి ముందే చెబితే ఇంటిల్లిపాదికీ హడలు తప్పుతుంది. జుట్టు రాలేది రెండు మూడు వారాలకు. అన్ని మందులకూ రాలదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, కంచం వేరు పెట్టాల్సిన పని లేదు. నోరు పూస్తే కారం తగ్గించి, రాగిసంగటిని పలచగా, మెత్తగా కలిపి పెట్టవచ్చు.

ప్రమాదం పొంచి ఉండేది ఇంటికి వచ్చాకే. చాలా మందులతో ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ అందాలి. పుంగనూరులో రాత్రి పదకొండుకు జ్వరం వస్తే తిరుపతి చేరడానికే గంటకు పైగా పడుతుంది, ఆ గంట లెక్క అప్పుడు గానీ మొదలవదు.

వైద్యం కోసం దూరం వెళ్లడం ఎంత కష్టమో మదనపల్లెకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వందేళ్ల కిందటి నుంచే క్షయరోగులు ఇక్కడి ఆరోగ్యవరం శానటోరియానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. క్షయ వస్తే మంచం దిగకుండా ఆసుపత్రిలోనే ఉండాలన్న నమ్మకాన్ని మద్రాసులో జరిపిన అధ్యయనం 1959లో మార్చేసింది: సరైన మందులు, కనిపెట్టి చూసే మనుషులు ఉంటే ఇంటి దగ్గరి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేస్తుందని తేల్చింది. క్షయ వేరు, క్యాన్సర్ వేరు. అయినా రోగి దగ్గరికి వైద్యం నడిచి రావాలన్నది రెండింటికీ వర్తిస్తుంది.

జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. అవి వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులున్నాయి. మొదటి కీమో పెద్దాసుపత్రిలోనే జరగనివ్వండి. ఇంటికి పంపేటప్పుడు మందు పేరు, తేదీ, జ్వరమొస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో రాసిన కాగితం చేతికివ్వాలి. మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలో, పుంగనూరులో, కుప్పంలో రాత్రి డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూడగానే రోగిని వరుసలో కూర్చోబెట్టకుండా రక్తం తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి ఫోన్ చేసేలా ఆదేశాలు ఉండాలి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉండాలి.