చిరుసంచి ఎవరి చేతికి?

నెల్లూరు మొలగొలుకులంటే తెలియని తెలుగిల్లు లేదు. ఆ పేరు నిలబడటానికి రైతు చెమటతో పాటు పరిశోధన కూడా కారణమే. 1937లో నెల్లూరులో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన కేంద్రం మా ప్రాంతపు వరికి పెద్ద శత్రువైన అగ్గితెగులును తట్టుకునే రకాల కోసం ఏళ్ళ తరబడి పనిచేసింది. చలి రాత్రులు, ఆకు మీద మంచు తోడైతే ఈ తెగులు కంకి మెడనే పట్టుకుంటుంది. అప్పుడిక మిగిలేది తాలే! కొత్త మొలగొలుకులు, నెల్లూరు మసూరి లాంటి రకాలు ఆ కృషి ఫలితాలే.

పరిశోధన కేంద్రంలో బాగా పండిన వంగడాన్ని వెంటనే విడుదల చెయ్యరు. కొద్దిపాటి విత్తనాన్ని ‘చిరుసంచుల’ పేరుతో రైతులకిచ్చి, వాళ్ళు వేసుకునే రకం పక్కనే పండించమంటారు. దిగుబడి చూస్తారు, రైతు అభిప్రాయం అడుగుతారు. శాస్త్రజ్ఞుడూ రైతూ కలిసి చేసే పరీక్ష ఇది. ఎంతో మంచి పద్ధతి.

కానీ ఆ సంచి ఎవరి చేతికి వెళుతోంది? పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. అంటే చాలా ఇళ్ళలో మగవాళ్ళకే. మరి నాట్లు వేసేదెవరు? కలుపు తీసేదెవరు? విత్తనం ఎండబెట్టి దాచేది, చివరికి వండి వార్చేది ఎవరు? ‘ఎకరానికి ఎన్ని బస్తాలు?’ అన్న ప్రశ్న ఆయన్ని అడుగుతారు, సరే. గడ్డి గేదె తింటోందా, మరలో నూక ఎంత పోతోంది, రాత్రి అన్నం పొద్దుటికి గట్టిపడుతోందా అన్న ప్రశ్నలకు జవాబు ఆవిడ దగ్గరే కదా ఉంది!

ఇవి చిన్న విషయాలు కావు. 2000 తర్వాత అనంతపురం జిల్లాలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సంస్థ, రైతులు కలిసి వేరుశనగ రకాలను రైతుల చేలలోనే పరీక్షించారు. ఐసీజీవీ 91114 అనే రకం రైతులకు నచ్చింది. అది బెట్టను తట్టుకుంది, కాయలు బాగున్నాయి. అంతేకాదు, దాని కట్టెను పశువులు ఇష్టంగా తిన్నాయి, పాలూ పెరిగాయి. బస్తాల లెక్క ఒక్కటే చూసి ఊరుకుంటే ఈ సంగతి బయటికొచ్చేదా?

ఎకరం, రెండెకరాలున్న ఇంట్లో కొత్త విత్తనం తప్పితే ముందు తాకట్టుకు పోయేది ఇల్లాలి చెవికమ్మలే. నష్టంలో వాటా ఉన్న మనిషికి ఎంపికలో మాట ఉండొద్దా?

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. చిరుసంచి ఇచ్చేటప్పుడు పుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. కోత కాగానే ఆ ఊళ్ళోనే ఆ బియ్యం వండి, నాట్లు వేసిన ఆడవాళ్ళనీ, పొలం గల ఇల్లాళ్ళనీ కూర్చోబెట్టి తినిపించి, వాళ్ళు చెప్పింది రాసుకోవాలి. పట్నంలో ఉన్న మనం కూడా ఊరెళ్ళినప్పుడు అక్కలనీ వదినలనీ అడుగుదాం: ‘ఈ విత్తనం వెయ్యాలని ఎవరు తేల్చారు? నిన్నడిగారా?’ అని.