విస్తరిలో స్వరాజ్యము

ఇద్దరు తెలుగువారు మధ్యాహ్నవేళ కలిసికొన్నచో మొట్టమొదట పుట్టు ప్రశ్న "అన్నము తింటిరా?" అనునది. పప్పు తింటిరా, కూర తింటిరా యని యెవ్వరును అడుగరు. సంస్కృతమున 'అద' ధాతువునుండి పుట్టిన అన్నశబ్దమునకు తినబడునది యని యర్థము. పాలును అన్నమే, ఫలమును అన్నమే, పెసలును అన్నమే. అంత విశాలమైన మాటను మనము వరిమెతుకునకు కుదించితిమి. మాట కుదించుటవలన పెద్ద నష్టము లేదు. దానితోపాటు విస్తరిని గూడ కుదించుకొంటిమి. నడుమ కొండవలె తెల్లని అన్నము, అంచులయందు చిటికెడు కూర, గరిటెడు పప్పు, నాలుకకు రాచుకొనుటకు పచ్చడి: ఇది నేటి తెలుగువాని భోజనము. ఈ కొండను తగ్గించి, అంచులనున్నవానిని నడుమకు తేవలెనని చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

ఇది కేవలము రుచికి సంబంధించిన ముచ్చట కాదు. భారత వైద్యపరిశోధన మండలివారు దేశమంతటను జరిపించిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున మధుమేహగ్రస్తులు 10 కోట్ల పైచిలుకు. ఆ వ్యాధి వాకిట నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలు. ఆ పరిశీలనలోనిదే యగు మరియొక భాగము 2025లో ప్రకటింపబడినది. భారతీయుని ఆహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని అందు తేలినది. ఏ బందిపోటును ఇంత సంపదను దోచుకొనిపోలేదు. కన్నులు, మూత్రపిండములు, పాదములు, గుండె వరుసగా ఈ వ్యాధికి కప్పము కట్టుచున్నవి.

లెక్క కష్టమైనది కాదు. నూరు గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. దినమునకు 400 గ్రాముల బియ్యము వండుకొని తినువానికి ఒక్క అన్నమువలననే 300 గ్రాములకు మించిన పిండి, 1,200లకు పైగా కేలరీలు లభించును. దీనికి తోడు ఉదయమున ఇడ్డెనలు, సాయంకాలమున చక్కెర కలిపిన కాఫీ, పండుగనాడు బూరెలు! ఆ పిండి యంతయు కడుపులో చక్కెరగా మారి రక్తమున చేరును. నాగలి పట్టి ప్రొద్దు క్రుంకువరకు దుక్కి దున్నినవాని కండలు దానిని ఖర్చుపెట్టెను. నేడు ఆ పొలమును యంత్రము దున్నుచున్నది. యజమాని గట్టుమీదనో పట్టణమున కుర్చీలోనో కూర్చుండియున్నాడు. శ్రమ తగ్గినది, విస్తరి మాత్రము తాతలనాటి కొలతనే నిలుపుకొన్నది.

"అనాదినుండి మనము వరి తినువారము గదా!" అని కొందఱందురు. ఈ మాట చరిత్రకు నిలువదు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. కాలువలు పాఱిన తరువాతనే డెల్టా సీమలు వరిసముద్రములైనవి. మెట్టప్రాంతములలో జొన్నకూడు, రాగిసంకటి, సజ్జరొట్టె, కొఱ్ఱన్నము సామాన్యుల నిత్యాహారములు. పల్నాటి జొన్నకూటిని ఎగతాళిచేయు చాటువులు శ్రీనాథుని పేర వ్యాపించియున్నవి. ఆ మహాకవికి సన్నన్నముపై గల మక్కువ యెట్టిదైనను, జొన్న తినువారు ఆ సీమనిండ ఉండిరనుటకు అవియే సాక్ష్యము. ఊరివారందఱకు ముప్పూటల వరియన్నము దొరకుట అర్వాచీనము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిదప పేదయింట గూడ అది స్థిరపడినది. ఆకలి తీఱుట గొప్ప మేలు. దానిని చిన్నచేయుట మా తలంపు కాదు.

తెల్లని మెతుకు మనకు కీడు చేయుట ఇది మొదటిసారియు కాదు. మరలు వచ్చి తవుడంతయు తీసివేసినపిదప ఉత్తర సర్కారుల తీరమున బెరిబెరి వ్యాపించినది. కూనూరు ప్రయోగశాలలో మక్కారిసన్ దొరయు, ఆయన సహచరులును దాని మూలములను పరిశోధించిరి. ఉప్పుడు బియ్యము తిను అరవదేశమువారికంటె, మరపట్టిన పచ్చిబియ్యము తిను సర్కారు జిల్లాలవారికే ఆ బాధ యెక్కువయైనది. 1934లో వార్ధాలో గ్రామపరిశ్రమల సంఘము వెలసిన తరువాత గాంధీమహాత్ముడు దంపుడు బియ్యమునకై ప్రచారము సల్పెను. ఆ కూనూరు ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో, ధాన్యములవలన వచ్చు శక్తి నూటికి 45 పాళ్లకు మించరాదనిరి. దేశమున అది 50 మొదలు 70 పాళ్లవరకు ఉన్నదని హెచ్చరించిరి. నాటి ఉపదేశము తవుడును కాపాడుకొమ్మని. నేటిది కొలతను తగ్గించుకొమ్మని.

మన ప్రాచీనవైద్యులు ఈ విషయము నెఱుగనివారు కారు. చరకుడు ప్రమేహమునకు చెప్పిన హేతువులలో కూర్చుండు సుఖము, నిద్రాసుఖము, క్రొత్తధాన్యము, బెల్లపు వంటకములు కలవు. సుశ్రుతుడు ప్రమేహమును పుట్టుకతో వచ్చునది, అపథ్యమువలన వచ్చునది యని రెండుగా విభజించెను. రోగిని చెప్పులు, గొడుగు లేక నూరు యోజనములు నడువుమనియు, శ్యామాక నీవారాదులతో జీవింపుమనియు, నూయి త్రవ్వుమనియు ఆదేశించెను. ఇన్సులిను 1921లో కనుగొనబడినది. అది ప్రాణదాత, కాని అది వచ్చినదని సుశ్రుతుని ఉపదేశము వ్యర్థము కాలేదు. 2019లో అమెరికా మధుమేహసంఘమువారి నివేదిక గూడ, రక్తములోని చక్కెరను అదుపుచేయుటకు పిండిపదార్థములను తగ్గించుటకే అత్యధిక నిదర్శనములున్నవని అంగీకరించినది.

ఇచ్చట రెండు భ్రమలను తొలగింపవలసియున్నది. మొదటిది చిరుధాన్యముల భ్రమ. 2023వ సంవత్సరమును ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్నది, సంతోషమే. కొఱ్ఱలలో, రాగులలో పీచును లవణములును హెచ్చు. కాని అవియు పిండిధాన్యములే. కుంభము వరియన్నమునకు బదులు కుంభము కొఱ్ఱన్నము తినువాడు పేరు మార్చెనేగాని పరిమాణమును మార్చలేదు. మొత్తము పిండిని తగ్గింపక ధాన్యమును మాత్రము మార్చినందున ప్రమాదము తగ్గదని పైని చెప్పిన 2025నాటి పరిశీలనయే తెల్పినది. పిండిలో కొంతభాగమునకు బదులు పప్పులనుండియో పాలనుండియో మాంసకృత్తులు చేర్చినచో మేలని గూడ అదియే చెప్పినది.

రెండవది అతివాదభ్రమ. 2017, 2018 ప్రాంతమున మన జిల్లాలలో అన్నమును బొత్తిగా మాని, కొబ్బరినూనె, వెన్నలతో దినములు గడుపు పథ్యము దావానలమువలె వ్యాపించినది. కొందఱు బరువు తగ్గిరి, చక్కెరయు తగ్గెను. ఆ మాట దాచనక్కఱలేదు. కాని నూనె త్రాగి జీవితాంతము గడపువారెందఱు? మాసము గడిచినంతనే వెనుకటి కుంభమునకు మరలిన దీక్ష దీక్ష కాదు, ఉపవాసపు వినోదము. ఇన్సులినుగాని చక్కెరను దించు మాత్రలుగాని వాడుచున్నవారు వైద్యునితో చెప్పక ఒక్కపెట్టున అన్నము మానినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. బాల్యమున వచ్చు మధుమేహము గలవారు, గర్భిణులు, మూత్రపిండరోగులు ఇరుగుపొరుగువారి మాటపై సాహసింపరాదు.

మఱి చేయవలసినదేమి? అన్నమును సగమునకు దింపుడు. కూరను రెండింతలు చేయుడు. తోటకూర, బచ్చలి, గోంగూర, బీర, సొర, పొట్ల, వంకాయ మన పెరళ్లలోనివే. చేమ, కంద, బంగాళాదుంపలు కూరల వేషము వేసికొన్న పిండి యని మఱువకుడు. పప్పును చారువలె పలుచన చేయక ముద్దగా వండి, ముందు కూరయు పప్పును తిని పిమ్మట అన్నమును తాకుడు. ఉదయమున పెసరట్టుకంటె మంచి ఫలాహారము లేదు. దాని కడుపులో ఉప్మా నింపు ఆచారమును మాత్రము వదలుడు. మాంసాహారులకు గ్రుడ్డు, చేప. శాకాహారులకు పెరుగు, సెనగలు, వేరుసెనగలు కలవు. మజ్జిగయుండగా చక్కెరనీళ్లేల? భోజనానంతరము శయ్యను గాక వీధిని ఆశ్రయింపుడు. ఈ భోజనమున ఆకలిబాధ లేదు, పరదేశపు పొట్లము లేదు, అత్తవారింట అవమానమును లేదు.

అయితే కొండను తగ్గించు స్వేచ్ఛ అందఱకును లేదు. 2013నాటి ఆహారభద్రతాచట్టము పేదకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యము హక్కుగా నిచ్చినది. 2023నుండి అది ఉచితము. ఆ ధాన్యము ప్రక్కన కందిపప్పు లేనినాడు, కూలివాని కడుపు నింపగలది మెతుకే. అట్టివానితో "అన్నము తగ్గింపుము" అనుట అపహాస్యము. ఆతనికి పప్పును చేరువచేయుట ప్రభుత్వము విధి. భూస్వాములకును ఇందొక విధి కలదు. వరి కోతకు వచ్చువేళ చేలో మినుము, పెసర చల్లుట కృష్ణా గుంటూరు మాగాణుల పాత ఆచారము. అది నేలకు బలము, కూలివాని పిల్లలకు బలము. గింజలన్నియు బస్తాకెత్తి అమ్ముకొనక, కొంత ఊరిలోనే చౌకగా నిలుపగలవారు మన పాఠకులలో అనేకులున్నారు. పెండ్లిపందిటిలో పదియాఱు పిండివంటలు వడ్డించి గొప్పయనిపించుకొను మర్యాదను ముందుగా తగ్గింపవలసినవారును వీరే.

పరిపాలనమును పరులనుండి తీసికొనుటకు మన పెద్దలు చెఱసాలలకేగిరి. జిహ్వను జయించుటకు చెఱసాల యక్కఱలేదు. వడ్డించునపుడు "చాలును" అని చేయి అడ్డుపెట్టిన చాలును. అన్నమును పరబ్రహ్మస్వరూపమని కొలుచు జాతి దానిని అమితముగా తిని అవమానింపరాదు. ఈ రాత్రి భోజనముననే పాఠకులు ఆ చేయి అడ్డుపెట్టుదురుగాక!