మన హాస్టల్ వెనక జాగాలో పుంటికూర



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడగగానే మాకు గుర్తొచ్చింది వంటగది వెనక జాగా. ప్లేట్లు కడిగిన నీళ్లు మడుగు కట్టి, దోమలు ముసిరి, వయ్యారిభామ నడుమెత్తు పెరిగి ఉండే జాగా. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆరేళ్లు దాన్ని దాటుకుంటూ వెళ్లి, నీళ్ల చారులో ఆకు కోసం వెతుక్కుంటూ అన్నం తిన్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేమే. ఈ రోజు వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాం. ఈ చదువుతో ఆ జాగా వైపు చూస్తే ఒక మాట చెప్పాలనిపిస్తోంది. అక్కడ మన నేల మొక్కలతో, ఏ రసాయన మందూ లేకుండా ఒక తోట పెంచాలి. ఆ తోటలో కోసిన కూర మన పళ్లెంలోకే రావాలి.

మా అమ్మలు కలుపు కూలికి పోయి, సాయంత్రం కొంగులో కూర కట్టుకొని వచ్చేవాళ్లు. గంగవాయిలి, దొగ్గలికూర, తెల్లగర్జెల, వానలు పడితే తుమ్మికూర. ఎవరూ విత్తనం వేయని కూరలవి. రూపాయి ఖర్చు లేకుండా రాత్రి పప్పులోకి వచ్చేవి. హాస్టల్లో చేరాక ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాం. కలుపుమొక్కలు తినేవాళ్లంటారని భయం. తర్వాత యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక మొక్కను హెర్బేరియం షీటు మీద అతికించి, కింద 'పోర్టులాకా ఒలరేసియా' అని రాశాం. రాశాక పరీక్షగా చూస్తే అది అమ్మ కొంగులోని గంగవాయిలి! అమ్మకు ఆ లాటిన్ పేరు తెలీదు. ఏ చెలకలో దొరుకుతుందో, ఎప్పుడు లేతగా ఉంటుందో, ఏ పప్పులో వేస్తే రుచో తెలుసు. మాకు పేరు వచ్చింది కాని, ఆ తెలివంతా చేజారింది.

ఈ తెలివికి విలువ ఇచ్చినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అందులోని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్లు. ఒకే చెలకలో జొన్న, కొర్ర, కంది, అనుము వంటివి కలిపి వేస్తూ, విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటూ వ్యవసాయం చేశారు. విత్తకుండా మొలిచే ఆకుకూరలను కూడా తిండిగానే లెక్కించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మనం సిగ్గుపడిన కూరకు ప్రపంచం దండ వేసిందన్నమాట.

మరోపక్క ఆ కూరే ఊళ్లో కనబడకుండా పోతోంది. కలుపు మందు కొడితే గడ్డితోపాటు గంగవాయిలీ మాడిపోతుంది. పత్తి చేలల్లో మందు పిచికారీ పెరిగినచోట మన అమ్మలకు రెండు నష్టాలు. కలుపు కూలి పోయింది, కొంగులో కూర పోయింది. గ్లైఫోసేట్ వాడకంపై కేంద్రం 2022లో ఆంక్షలు పెట్టినా, మన చేలల్లో మందు వాసన ఇంకా పోలేదు. అందుకే కనీసం మన హాస్టల్ గోడల మధ్యనైనా ఆ మొక్కలకు చోటివ్వాలంటున్నాం.

ఇది రుచి సంగతి మాత్రమే కాదు, రక్తం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లు మన అమ్మలు, అక్కాచెల్లెళ్లు. మగపిల్లలమైన మనమూ గ్రౌండ్‌లో రెండు రౌండ్లకే కూలబడిన రోజులున్నాయి. మునగాకు, తోటకూర, పొన్నగంటి లాంటి ఆకుకూరల్లో ఇనుము, విటమిన్ 'ఎ'గా మారే కెరోటిన్ ఉంటాయి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి మరింత బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అంతగా పట్టదు.

'మన మొక్కలు' అంటే పరాయివన్నీ పీకేయాలని కాదు. మనం రోజూ తినే మిరప, టమాట, జామ, చివరికి సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వచ్చి మన నేలకు, మన నోటికి అలవాటు పడ్డాయి. వయ్యారిభామ కూడా అక్కడిదే. అది ఒంటికి దురద, ముక్కుకు తుమ్ములు తెచ్చి, చుట్టూ ఇంకో మొక్కను బతకనివ్వదు. ఆఫ్రికా, అరేబియా తీరాల కోనోకార్పస్‌ను అందం కోసం రోడ్ల పక్కన నాటారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. కాబట్టి మొక్కను దాని పుట్టిన ఊరు అడగొద్దు, ఇక్కడ ఏం చేస్తోందో అడగాలి. గేటు ముందు నీడకు వేప, కానుగ చాలు. కంచె వెంట తంగేడు, మూలన ఉసిరి, నేరేడు ఉంటే పిట్టలకూ పిల్లలకూ పండగే.

పని పెద్దదేం కాదు. ముందు వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో పీకాలి, చేతులకు కవర్లు తొడుక్కొని. రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు గుంటలో వేసి పేడనీళ్లు చల్లితే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. ఇరవై లీటర్ల నీళ్లలో కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, పావుకిలో లోపు బెల్లం, అంతే శనగపిండి, పిడికెడు మట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచితే జీవామృతం. పురుగు కనిపిస్తే అరకిలో వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పది లీటర్ల నీళ్లలో కలిపి చల్లాలి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు ఆకుకూరలకు, సబ్బు నీళ్లు అరటి మొక్కలకు మళ్లించాలి. తోటకూర నెలకే కోతకొస్తుంది. పుంటికూరకు ఇంకో వారం పది రోజులు. మునగ కొమ్మ నాటితే చాలు, బతుకుతుంది. ఒక్క జాగ్రత్త! తెలియని ఆకును ఎవరూ నోట్లో పెట్టొద్దు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మనో నాయనమ్మనో అడిగి, మొక్కను చూపించుకొని రండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తోట పేరుతో పిల్లల చేత వెట్టి చేయించకూడదు. మన తాతలు దొరల పొలాల్లో చేసింది చాలు. ఇష్టమున్నవాళ్లే, రోజుకు అరగంటే పని చేయాలి. పదో తరగతివాళ్లకు పరీక్షల ముందు పూర్తిగా సెలవు. కోసిన కూర ఎవరి ఇంటికీ సంచుల్లో పోకూడదు. ఎంత కోశామో, ఏ రోజు వండారో నోటీసు బోర్డు మీద రాయాలి. ఆ తోటను చూపించి మెస్ ఛార్జీలు తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2024లో తెలంగాణ ప్రభుత్వం మెస్ ఛార్జీలు 40 శాతం పెంచి, 8-10 తరగతులకు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలు చేసింది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన హక్కు అది. గుడ్డు గుడ్డే, పప్పు పప్పే. తోటకూర వాటికి తోడు కావాలి కాని బదులు కాకూడదు.

పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు, బొకేలు వద్దు. మీ ఊరి విత్తనాలు పిడికెడు పొట్లం కట్టి తీసుకురండి. పొట్లం మీద ఆ విత్తనం ఇచ్చిన మీ అమ్మ పేరో, అవ్వ పేరో రాయండి. చదువు మనల్ని ఊరి నుంచి ఇంత దూరం తీసుకొచ్చింది. ఆ చదువుతోనే అమ్మ కొంగులోని కూరను మళ్లీ గుర్తుపట్టగలిగాం. వచ్చే ఏడాది ఈ సంచిక వెలువడే రోజున, మన హాస్టల్ వెనక పెరిగిన పుంటికూర పచ్చడితోనే అందరం బంతి భోజనం చేద్దాం.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)