కానరాని తల్లి

కాకతీయుల కాలపుదిగా చెప్పుకొనే సమ్మక్క గాథను పది నిమిషాల అద్భుత చిత్రంగా తీయాలని యువ దర్శకులు ముచ్చటపడడం సహజమే. కరవుకాలంలో కప్పం కట్టలేక కోయలు కాకతీయ సేనను ఎదిరించారనీ, గాయపడిన సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమైందనీ, వెదకినవారికి కుంకుమభరిణె మాత్రమే లభించిందనీ ఐతిహ్యం. ఆ అదృశ్యాన్ని కంప్యూటర్ వెలుగులతో చూపడం సులభమే కాని ఉచితం కాదు. మేడారంలో విగ్రహారాధన లేదు. రెండేళ్లకొకమారు జరిగే జాతరలో కోయ పూజారులు గుట్టనుండి కుంకుమభరిణెనే తెచ్చి గద్దెపై ప్రతిష్ఠిస్తారు. భక్తులు రూపమివ్వని తల్లికి వెండితెర రూపమివ్వరాదు. నిర్జనమైన కొండదారి, వెదకేవారి పిలుపులు, చివరకు భరిణె చూపితే చాలు. ప్రేక్షకుడూ ఆమెను వెదకుతాడు. గాథను మలచుకొనే స్వేచ్ఛ కళాకారునికి ఉన్నది. అయితే తరతరాలుగా దానిని కాపాడుకొన్నవారి నోట ముందుగా వినడం అతని ధర్మం.